యూనియన్ పెట్టుకుంటే నిజంగా ఏమైనా ఒరుగుతుందా? ముప్పై ఏళ్లు అందులోనే ఉన్నవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో మీరు ఆపరేటర్. 140 మంది పర్మినెంట్, 400 మంది దాకా కాంట్రాక్ట్. కొందరు యూనియన్ పెడదామంటున్నారు. మీ నాన్నగారు బొంబాయి మిల్లులో మగ్గం నడిపి, 82 సమ్మె తర్వాత ఉత్త చేతులతో సిరిసిల్లకి తిరిగొచ్చిన మనిషి కాబట్టి, ఆ మాటెత్తితే ఇంట్లో గొడవ. "మనలాంటి దేశంలో గేటు బయట వందమంది పనికోసం నిలబడి ఉంటే యూనియన్ వల్ల ఒరిగేదేంటి? ఉన్న కంపెనీ కూడా పోదా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. పనిచేస్తుంది. కాకపోతే గీత లోపల ఉన్నవాళ్లకే పనిచేస్తుంది. ఆ గీత మీరు ఎక్కడ గీస్తారన్న దాన్ని బట్టే మీ యూనియన్ పదేళ్లు నిలబడుతుందా, రెండేళ్లకే బోర్డు మిగులుతుందా అన్నది తేలుతుంది. సమ్మెలు, నినాదాలు, జెండా రంగు, ఇవన్నీ దాని తర్వాతే.

నేను 1991లో మెదక్ జిల్లాలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే చోట, సెంట్రిఫ్యూజ్ (పొడినీ ద్రవాన్నీ వేరుచేసే మెషీన్) దగ్గర చేరాను. 1996లో యూనియన్ పెట్టాం. పదిహేడేళ్లు జనరల్ సెక్రటరీగా చేశాను. రిటైరయ్యాక లేబర్ కోర్టు కేసులకి కాగితాలు సర్దిపెట్టే పని చేస్తున్నాను. గెలిచినవీ చూశాను, చేతులారా పాడుచేసుకున్నవీ చూశాను.

ముందు జీతం సంగతి. మా దగ్గర యూనియన్ రాకముందు ఇంక్రిమెంటు అంటే మేనేజర్ మూడ్. ఒకే రోజు చేరిన ఇద్దరికి నాలుగేళ్లలో ఆరు వందలు తేడా వచ్చింది, ఒకడు ప్రొడక్షన్ మేనేజర్‌కి ఊరివాడు కావడం వల్ల. మొదటి వేతన ఒప్పందంతో అది పోయింది. గ్రేడ్లు వచ్చాయి, వీడీఏ (ధరలతో పాటు మారే కరువు భత్యం) వచ్చింది, ఓటీకి, అంటే ఓవర్‌టైమ్‌కి, డబుల్ లెక్క కట్టడం మొదలైంది. ఓటీకి డబుల్ ఇవ్వాలని ఫ్యాక్టరీల చట్టంలో 1948 నుంచీ ఉంది, కానీ అడిగే నోరు లేకపోతే చట్టం గోడమీద క్యాలెండరే.

అయితే నన్నడిగితే యూనియన్ వల్ల వచ్చిన పెద్ద లాభం జీతం కాదు. ఒక రాత్రి సంగతి చెప్తాను. సి షిఫ్ట్, రెండు దాటింది. రియాక్టర్ మీద నైట్రోజన్ గేజ్ ముల్లు కదలడం లేదు. లోపల సాల్వెంట్ ఉంది, అంటే ఇట్టే అంటుకునే ద్రావకం. అది అంటుకోకుండా కాపాడేది నైట్రోజనే. షిఫ్ట్ ఇన్‌చార్జ్ వచ్చి "పొద్దున మెయింటెనెన్స్ వాళ్లు చూస్తారు, నువ్వు ఛార్జ్ చెయ్" అన్నాడు. మ్యాన్‌హోల్ మూత తీసి పౌడర్ పొయ్యాలి. అంతకు రెండేళ్ల ముందైతే మా వాడు మాట్లాడకుండా పోసేవాడు. ఆ రోజు "లాగ్ బుక్‌లో రాసి సంతకం పెట్టండి సార్, పోస్తా" అన్నాడు. ఇన్‌చార్జ్ రాయలేదు. బ్యాచ్ నాలుగు గంటలు ఆగింది, పొద్దున గేజ్ మార్చారు. ఏ పేలుడూ జరగలేదు కాబట్టి ఏ పేపర్లోనూ రాలేదు. మర్నాడు వాడికి మెమో ఇస్తే యూనియన్ వెళ్లి కూర్చుంది, మెమో వెనక్కి తీసుకున్నారు. "రాసివ్వండి సార్" అన్న రెండు మాటల ధైర్యం కోసమే నేను నెలనెలా చందా కట్టేవాణ్ణి అనుకోండి. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా పోయినప్పుడు టీవీ ముందు కూర్చుని నాకు ఆ గేజే గుర్తొచ్చింది. పోయినవాళ్లలో ఒడిశా, బీహార్, యూపీల నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన చెప్పేది సగం నిజం. ఆ సగం చాలా బరువైన సగం.

1982 జనవరి 18న బొంబాయిలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు యూనియన్ నాయకుడు దత్తా సామంత్ వెనక సమ్మెలోకి వెళ్లారు. ఆ సమ్మెని అధికారికంగా విరమించినవాళ్లు లేరు, అది అలా కరిగిపోయింది. కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీలు ఎన్ని వేలమంది తిరుగు రైలెక్కారో మీ ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే ఇళ్ల పేర్లతో సహా చెప్తారు. యూనియన్ వల్ల మిల్లులు పోయాయి అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

కానీ ఆ సమ్మె ఎందుకంత మొండికెత్తింది? 1946 నాటి బాంబే చట్టం కింద మిల్లుల్లో మాట్లాడే హక్కు ఒక్క యూనియన్‌కే ఉండేది. కార్మికులకి దాని మీద నమ్మకం పోయింది. వాళ్లకి నమ్మకం ఉన్న మనిషితో మాట్లాడటానికి చట్టం ఒప్పుకోలేదు. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో ఓటుతో తేల్చుకునే దారి లేకపోయింది. రెండోది, మిల్లు ఆగినా బట్ట ఆగలేదు. భివండీలో పవర్‌లూమ్‌లు నడుస్తూనే ఉన్నాయి. అక్కడ యూనియన్ లేదు, ఈఎస్ఐ లేదు, పన్నెండు గంటల డ్యూటీ. ఆ మగ్గాల మీద కూర్చున్నవాళ్లలో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. అంటే అన్న మిల్లు గేటు ముందు సమ్మెలో కూర్చుంటే, తమ్ముడు భివండీలో అదే బట్ట నేస్తున్నాడు. తమ్ముడిది తప్పని నేననను. అతని దగ్గరికి ఎవరూ యూనియన్ చందా రశీదు పుస్తకం పట్టుకుని వెళ్లలేదు. మూడోది, మిల్లు కింది భూమి ధర మిల్లు కంటే ఎక్కువైపోయింది. ఈ మూడింటిలో ఏది ఎంత అని తూకం వేయడం కష్టం కానీ, సమ్మె ఒక్కదాని మీదే మొత్తం వేసెయ్యడం అన్యాయం.

ఓటుతో తేల్చుకుంటే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, సింగరేణి ఉంది. తొంభైల మొదట్లో అక్కడ లెక్కలేనన్ని సంఘాలు, ఏడాదికి వందల కొద్దీ చిన్నాపెద్దా సమ్మెలు. ఒక గనిలో ఒక షిఫ్టు వాళ్లు అలిగినా బండి ఆగేది. 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తో పెడుతున్నారు. ఎవరు గెలిస్తే వాళ్లతోనే యాజమాన్యం మాట్లాడుతుంది. 2012లో, 2017లో టీబీజీకేఎస్ (తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం) గెలిచింది, 2023 డిసెంబర్ 27న సీపీఐ అనుబంధ సంఘం ఏఐటీయూసీ గెలిచింది. నచ్చకపోతే మార్చేశారు. లాభాల్లో వాటా, వారసులకి కొలువులు, వేజ్ బోర్డు జీతాలు, ఇవన్నీ అడిగి సాధించుకున్నవే. బీద దేశంలో యూనియన్ పనిచేయదన్నవాణ్ణి గోదావరిఖని తీసుకెళ్లి కార్మికుల క్వార్టర్లూ, వాళ్ల పిల్లల చదువులూ చూపించాలి.

అదే సింగరేణిలో రెండో బొమ్మ కూడా చూడండి. తొంభైల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్లు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం 2023-24లో 70 మిలియన్ టన్నులు దాటింది. మెషీన్లు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు) వచ్చాయి, మట్టి తీసే పని కాంట్రాక్టుకి పోయింది. 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్ట్ కార్మికుడికి ఐదు వేలు. అది కూడా మొట్టమొదటిసారి ఇవ్వడం, దాన్ని ఘనంగా చెప్పుకున్నారు. ఒకే దుమ్ము పీల్చేవాళ్ల మధ్య తేడా అది. గీత అని నేనన్నది దీన్నే.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఈ జవాబు రాయడానికి కూర్చున్నదే దాని కోసం.

2003 ఒప్పందం. లేబర్ జాయింట్ కమిషనర్ ఆఫీసులో రాత్రి తొమ్మిదైంది. జీతం పద్దెనిమిది వందలు పెంచమని అడిగాం, పద్నాలుగు వందల యాభై దగ్గర తెగింది. అందరికీ సంతోషమే. టైపు చేసిన కాగితం వచ్చింది. చివరి పేజీలో ఒక లైను: "ఈ ఒప్పందం కంపెనీ మస్టర్ రోల్‌పై ఉన్న పర్మినెంట్ కార్మికులకు మాత్రమే వర్తిస్తుంది." పక్కనున్న మా ప్రెసిడెంట్ నా మోకాలు తట్టాడు, పెట్టెయ్ అన్నట్టు. పెట్టాను. బయట బెంచీ మీద మా సెక్షన్ కాంట్రాక్ట్ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. నన్ను తన టీవీఎస్ మీద ఎక్కించుకుని తెచ్చింది అతనే. ఆరేళ్లుగా నా పక్క సెంట్రిఫ్యూజే నడుపుతున్నాడు, నాకంటే బాగా నడుపుతాడు. "అన్నా, మాకేమన్నా ఉందా?" అన్నాడు. "వచ్చేసారి చూద్దాం లేరా" అన్నాను. మళ్లీ అతని బండి మీదే ఇంటికొచ్చాను.

వచ్చేసారి కూడా చూడలేదు. 2009లో యాజమాన్యం పని భారం పెంచి మనుషుల్ని తగ్గించబోతే సమ్మెకి వెళ్లాం. గేటు ఎదురుగా టెంటు. మూడు రోజులు లోపల చప్పుడు లేదు. నాలుగో రోజు పొద్దున ఆరింటికి టీ తాగుతూ తలెత్తి చూస్తే బాయిలర్ గొట్టం నుంచి పొగ. టెంటులో ఒక్కడూ మాట్లాడలేదు. పొగొచ్చిందంటే స్టీమ్ ఉంది, స్టీమ్ ఉందంటే ప్లాంటు నడుస్తోంది. లోపల నడిపిస్తున్నది మా కాంట్రాక్ట్ కుర్రాళ్లు. సెంట్రిఫ్యూజ్ సెక్షన్ చూస్తున్నది ఎవరో నేను అడగలేదు, అడగనక్కర్లేదు. పందొమ్మిదో రోజు మేమే వెళ్లి చర్చలకి కూర్చున్నాం. ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. అందులో ఒకాయనకి లేబర్ కోర్టులో ఏడేళ్లకి ఏదో కొంత డబ్బు వచ్చింది, అప్పటికి ఆయన ఆటో నడుపుకుంటున్నాడు.

ఆ దెబ్బకి బుద్ధొచ్చి 2011 నుంచి కాంట్రాక్ట్ వాళ్లని చేర్చుకున్నాం. మా పర్మినెంట్లలోనే సగంమంది గొణిగారు, "వాళ్లొస్తే మన వాటా తగ్గుతుంది" అని. తగ్గలేదు. పెద్దగా ఏం సాధించామంటే, పీఎఫ్ నిజంగా ఖాతాలో పడుతోందా అని నెలనెలా చూడటం, క్యాంటీన్లో ఒకే రేటు, అన్నిటికంటే ముఖ్యం, కాంట్రాక్టర్ మారినా మనుషులు మారకూడదన్న ఒప్పందం. పర్మినెంట్ చేయించలేకపోయాం. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, కాంట్రాక్ట్ పద్ధతిని రద్దు చేసినా ఆ కార్మికులు వాళ్లంతట వాళ్లు పర్మినెంట్ అయిపోరు. ఆ దారి ఇరుకైపోయింది. ఎవరైనా మీ 400 మందికీ ఆర్నెల్లలో పర్మినెంట్ చేయిస్తానని చందా వసూలు చేస్తే, ఆ మనిషిని దూరం పెట్టండి.

సమ్మె గురించి మీకు సినిమా ఊహలు ఉంటే తీసేయండి. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీలో 48 వేల మంది దాకా సమ్మెకి దిగారు, ప్రభుత్వంలో కలపమని. 52 రోజులు. అంత పెద్ద బలగం, ఊరూరా జనం సానుభూతి, అయినా విలీనం రాలేదు. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నట్టే అంది ప్రభుత్వం, చివరికి ముఖ్యమంత్రి పిలిస్తేనే డిపోల్లోకి వెళ్లగలిగారు. ఆ తర్వాత డిపోల్లో యూనియన్ల మాట చెల్లకుండా పోయింది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఆ సమ్మె లేకుండానే 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలోకి వెళ్లారు, ఎన్నికల హామీ కాబట్టి. ఒకే సంస్థలో పక్కపక్కన పనిచేసిన వాళ్లు, గెలుపోటములు రెండు రకాలు. ప్రభుత్వమే యజమాని అయిన చోట యూనియన్ బలం ఎక్కువగా రాజకీయ కాలెండర్ మీద ఆధారపడుతుంది. మీలాంటి ప్రైవేటు చోట ఆర్డర్ పుస్తకం మీద ఆధారపడుతుంది. ఎగుమతి కన్‌సైన్‌మెంటు పోవాల్సిన నెలలో రెండు రోజుల టూల్ డౌన్‌కి (ప్లాంటులోనే ఉండి పని ఆపేయడం) ఉన్న విలువ, గోడౌన్ నిండుగా ఉన్నప్పుడు రెండు నెలల సమ్మెకి ఉండదు. గోడౌన్ నిండుగా ఉంటే యాజమాన్యమే మిమ్మల్ని సమ్మెకి రెచ్చగొడుతుంది, జీతాలు మిగులుతాయని. మేం రెండుసార్లు చూశాం.

అంగన్‌వాడీ అక్కల గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. చట్టం దృష్టిలో వాళ్లు ఉద్యోగులు కాదు, గౌరవ వేతనం తీసుకునేవాళ్లు. 2023 డిసెంబర్ 12న ఆంధ్రలో సమ్మె మొదలుపెడితే, జనవరిలో వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం పెట్టారు. ఉద్యోగులు కాదు, కానీ సమ్మె చేస్తే ఎస్మా! 42 రోజులు కూర్చుని రాతపూర్వక హామీలతో లేచారు. మస్టర్ రోల్ లేకపోయినా సంఘం నడపొచ్చని మా మగవాళ్ల యూనియన్ల కంటే బాగా చూపించారు.

మీ భయం సంగతి: కంపెనీ పోదా? పోవచ్చు. కానీ పోయేది ఎక్కువగా కరెంటు, పొల్యూషన్ బోర్డు, బ్యాంకు అప్పు, మందు ధర పడిపోవడం, అన్నదమ్ముల తగాదా, ఇలాంటి వాటివల్ల. మా గోడ పక్క కంపెనీలో యూనియన్ లేదు. మాకంటే ఎనిమిదేళ్ల ముందే మూతపడింది. గ్రాట్యుటీ కోసం వాళ్లు మా యూనియన్ ఆఫీసుకే వచ్చారు. మాది 2016లో ఒక బ్లాక్ మూసినప్పుడు ఏడాదికి ఇన్ని రోజుల జీతమని బేరమాడి ఇప్పించాం. మూసివేతని యూనియన్ ఆపలేకపోయింది, చేతిలో డబ్బు పెట్టి పంపించింది. అంతే దాని శక్తి.

చట్టం కూడా ఇప్పుడు మారింది, పాత పుస్తకాలు చూసి నడవకండి. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మీకు తగిలేవి ఇవి.

సమ్మెకి 14 రోజుల నోటీసు ఇప్పుడు అన్ని ఫ్యాక్టరీలకీ ఉంది. కన్సిలియేషన్, అంటే లేబర్ అధికారి ముందు రాజీ చర్చలు, నడుస్తుండగా సమ్మె చేయకూడదు. నోటీసు ఇవ్వగానే అధికారి చర్చలకి పిలుస్తాడు, కాబట్టి చట్టబద్ధమైన సమ్మెకి దారి చాలా సన్నం. సగంమంది కలిసి ఒకే రోజు సెలవు పెట్టినా అదీ సమ్మె కిందే లెక్క.

ఒకటి కంటే ఎక్కువ యూనియన్లు ఉంటే, మస్టర్ రోల్‌లో 51 శాతం ఎవరి వెనక ఉంటే వాళ్లే మాట్లాడే సంఘం. ఎవరికీ అంత రాకపోతే 20 శాతం ఉన్నవాళ్లందరితో కౌన్సిల్. అందుకే మీ 140 మందిలో రెండు జెండాలు లేవనివ్వకండి. యాజమాన్యం రెండోది తప్పకుండా లేపుతుంది, చూస్తూ ఉండండి.

మూసివేతకి, రిట్రెంచ్‌మెంట్‌కి (మనుషుల్ని తీసేయడానికి) ప్రభుత్వ అనుమతి కావాల్సిన హద్దు 100 మంది కార్మికుల నుంచి 300కి పెరిగింది. పర్మినెంట్ల లెక్కే తీసుకుంటే మీరు ఆ గొడుగు కింద లేరు. నోటీసు, పరిహారం ఇచ్చి పంపేయొచ్చు. తెలిసి దిగండి.

మనవాడే, బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు రైల్వే కార్మిక సంఘాల్లోంచి వచ్చిన మనిషి. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు (అవార్డు) దగ్గర ప్రభుత్వంతో పడక 1954లో రాజీనామా చేశారు. ఆయన పట్టుదలంతా ఒకటే, తగాదాని కోర్టుకి ఈడ్చకుండా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి అని. లేబర్ కోర్టులో ఫైళ్లు మోసి మోసి నేనూ అక్కడికే వచ్చాను. కోర్టుకి పోయిన కార్మికుడు గెలిచేనాటికి పిల్లల పెళ్లిళ్లు అయిపోతాయి.

యూనియన్లలో కుళ్లు లేదా అంటే ఉంది. నలభై కంపెనీలకి ఒకే ప్రెసిడెంటుగా ఉండి, మీ ప్లాంటులో ఏం తయారవుతుందో కూడా తెలియని బయటి నాయకులున్నారు. పొద్దున గేటు మీటింగ్‌లో తిట్టి, సాయంత్రం బావమరిది పేరుమీద లేబర్ కాంట్రాక్టు తీసుకున్నవాళ్లని నాకు తెలుసు. దీనికి మందు ఒకటే, లెక్కల పుస్తకం. ప్రతి రూపాయికీ రశీదు, ఏడాదికోసారి జనరల్ బాడీలో లెక్క చదవడం. మా దగ్గర బోరు కొట్టినా చదివేవాళ్లం, టీ ఖర్చుతో సహా.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? రిజిస్ట్రేషన్‌కి పది శాతం మంది లేదా వందమంది, రెండిట్లో ఏది తక్కువైతే అది చాలు, ఏడుగురికి తగ్గకుండా. కానీ మీరు సగం దాటేదాకా బయటపడకండి. సంతకాలు ఒకే వారంలో పూర్తి చేయండి. రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చిన రోజే ఆఫీస్ బేరర్లని రక్షిత కార్మికులుగా (తగాదా నడుస్తుండగా అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేనివాళ్లు) గుర్తించమని యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చి, అక్‌నాలెడ్జ్‌మెంటు తీసుకోండి. మేం ఆ ఒక్క ఉత్తరం మర్చిపోయి ముగ్గురు కుర్రాళ్ల సస్పెన్షన్ మీదికి తెచ్చుకున్నాం. మొదటి కోర్కెల పత్రంలో జీతం ఒక్కటే పెట్టొద్దు. బూట్లు, మాస్కులు, ఎగ్జాస్ట్ ఫ్యాను, అంబులెన్స్, కాంట్రాక్ట్ వాళ్ల పీఎఫ్ స్లిప్పులు పెట్టండి. ఇవి కాదనడానికి ఏ మేనేజర్‌కైనా నోరు రాదు, 400 మందికీ మీరెవరో తెలుస్తుంది.

హిందీ వచ్చినవాణ్ణి ఒకణ్ణి కమిటీలో పెట్టుకోండి, మీ కాంట్రాక్ట్ వాళ్లలో సగం మందికి తెలుగు రాదు. మీ నాన్నగారితో వాదించకండి తమ్ముడూ. సమ్మె ఆఖరి నెలల్లో వాళ్ల ఇల్లు ఎలా గడిచిందో కూర్చోబెట్టి అడగండి, ఆ అనుభవం మీ కమిటీలో ఎవరికీ ఉండదు. మొదటి మీటింగ్ జీతం పడ్డాక వచ్చే ఆదివారం పెట్టుకోండి. ఇరవయ్యో తారీఖు దాటితే చందా ఎవడూ ఇవ్వడు.